ఫోను, ట్యాబ్లెట్: వేగమును కొలుచుటెట్లు?

స్మార్ట్‌ఫోనును, ట్యాబ్లెట్‌ను పక్కపక్కన పెట్టి, దేని ప్రాసెసర్ గొప్పదో ఒక్క సంఖ్యతో తేల్చివేయుట నేడు పరిపాటియైనది. దీనికి ఇన్ని మార్కులు, దానికి అన్ని మార్కులు. కావున ఎక్కువ వచ్చినదే మేలు అని తీర్పు. విద్యార్థి ప్రతిభను ఒక్క పరీక్షతో నిర్ణయింపరాదని ఉపాధ్యాయులెల్లరు ఎరుగుదురు. యంత్రముల విషయములో మాత్రము ఆ జాగ్రత్తను మరచుచున్నాము. ఈ మార్కులు అసత్యములని నా వాదము కాదు. ఏ పరిస్థితులలో కొలిచిరో చెప్పని సంఖ్య పోలికకు పనికిరాదనియే నా వాదము.

కంప్యూటర్లకు పరీక్షలు పెట్టుట కొత్త కాదు. వెట్‌స్టోన్ అను పరీక్ష 1972లోను, డ్రైస్టోన్ అను పరీక్ష 1984లోను వెలువడినవి. నేడు ఫోన్లకు, ట్యాబ్లెట్లకు విరివిగా వాడబడుచున్న వానిలో గీక్‌బెంచ్ ఒకటి. ఇందు ఒక ప్రమాణ యంత్రమునకు ఇన్ని మార్కులని ముందుగా నిర్ణయించి, తక్కిన యంత్రములను దానితో పోల్చుదురు. అయిదవ కూర్పులో ఇంటెల్ వారి ఐ3-8100 ప్రాసెసర్‌కు 1000 మార్కులు. 2023లో వచ్చిన ఆరవ కూర్పులో ఐ7-12700 ప్రాసెసర్‌కు 2500 మార్కులు. కొలమానమే మారినది! పాత కూర్పులో ఫోనుకు వచ్చిన సంఖ్యను, కొత్త కూర్పులో ట్యాబ్లెట్‌కు వచ్చిన సంఖ్యతో పోల్చుట గజములను మీటర్లతో పోల్చుట వంటిది. అయినను ఇట్టి పోలికలు తరచు కనబడుచునే యున్నవి.

ఇక కోర్ల సంఖ్య. ప్రాసెసర్‌లో స్వతంత్రముగా లెక్కలు చేయగల భాగమునకు కోర్ అని పేరు. 2018లో ఆపిల్ సంస్థ తన ఫోనులో ఏ12 అను చిప్‌ను, ఐప్యాడ్ ప్రోలో ఏ12ఎక్స్ అను చిప్‌ను అమర్చినది. మొదటిదానిలో పెద్ద కోర్లు 2, చిన్నవి 4. రెండవదానిలో పెద్దవి 4, చిన్నవి 4. ఒక్క కోర్‌తో చేయు పరీక్షలో రెండును ఇంచుమించు సమానము. అన్ని కోర్లు కలిసి చేయు పరీక్షలో ట్యాబ్లెట్ చాల ముందున్నది. అట్లని ప్రతి పనిలోను ట్యాబ్లెట్ అంత వేగముగా నుండునా? ఉండదు. పని పంచుకొనుటకు వీలుగా నుండవలెను. ఒక పనిలో సగము మాత్రమే పంచుటకు వీలైనచో, ఎనిమిది సమానమైన కోర్లున్నను వేగము 1.8 రెట్లకు మించదు. నూటికి 90 పాళ్ళు పంచగలిగినను 4.7 రెట్లే. 1967లో జీన్ ఆమ్డాల్ చూపిన తర్కమిది. పది మంది వంటవారున్నను పప్పు ఉడుకుటకు పట్టు కాలము తగ్గదు గదా!

పైగా కోర్లన్నియు ఒక్క జాతివి కావు. మీడియాటెక్ వారి హీలియో పి22లో ఎనిమిది కోర్లున్నవి, అన్నియు చిన్నవే. ఆరే కోర్లు గల ఏ12 దానికంటె ఎంతయో శక్తిమంతము. "ఎనిమిది కోర్లు" అను ప్రకటన వినినంతనే, అవి ఎట్టి కోర్లని అడుగుట అవసరము.

అన్నిటికంటె ముఖ్యమైనది వేడిమి. చిప్‌లో ఖర్చగు విద్యుచ్ఛక్తి ముఖ్యముగా పౌనఃపున్యమును, వోల్టేజి యొక్క వర్గమును అనుసరించి పెరుగును. పౌనఃపున్యమును నూటికి 20 పాళ్ళు పెంచుటకు వోల్టేజిని 10 పాళ్ళు పెంచవలసివచ్చినచో, ఖర్చు సుమారు 45 పాళ్ళు పెరుగును. ఆ శక్తి యంతయు తుదకు వేడిమిగా మారును. సాధారణముగా ఫోనులోను, ట్యాబ్లెట్‌లోను పంకా ఉండదు. వేడిమి పైతలము నుండియే పోవలెను. ఐఫోన్ 13 వెనుక భాగపు వైశాల్యము సుమారు 105 చదరపు సెంటీమీటర్లు. అదే 2021లో వచ్చిన ఐప్యాడ్ మినీది సుమారు 263. రెండింటిలోను ఏ15 చిప్పే. కాని పరీక్షలలో కనబడిన గరిష్ఠ పౌనఃపున్యము ఫోనులో సుమారు 3.2 గిగాహెర్ట్జ్, ట్యాబ్లెట్‌లో సుమారు 2.9 మాత్రమే. కొద్ది నిమిషముల పరుగులో ఫోను గెలువవచ్చును. అరగంట పరుగులో, విశాలమైన పైతలము గల ట్యాబ్లెట్‌కు వేగము నిలుపుకొను వీలు ఎక్కువ. ఒకే చిప్, రెండు తీర్పులు! కాలమును చెప్పని మార్కు ఈ భేదమును దాచివేయును.

మార్కులకే విలువ హెచ్చినప్పుడు పరీక్షను మోసగించుటయు మొదలగును. 2013లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4లో ఒక రకము, కొన్ని పరీక్షల పేర్లను గుర్తించి, చిత్రములను గీయు భాగమును 480కి బదులు 532 మెగాహెర్ట్జ్‌తో నడుపుచున్నదని బయటపడినది. 2022లో అదే సంస్థ ఫోన్లలో ఆటల వేగమును తగ్గించు ఏర్పాటు పరీక్షలకు వర్తించుట లేదని తేలగా, గీక్‌బెంచ్ వారు గెలాక్సీ ఎస్10 నుండి ఎస్22 వరకు గల ఫోన్లను తమ పట్టిక నుండి తొలగించిరి. ప్రశ్నపత్రము ముందే తెలిసిన విద్యార్థికి వచ్చిన మార్కుల వంటివి ఇవి.

ఇది మన బడులకు సంబంధింపని చర్చ కాదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబ్లెట్లు పంచినది. ఇట్టి పరికరములతో పాఠము చెప్పు ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలు అడుగవలెను. ఏ పరీక్ష, ఏ కూర్పు? ఒక్క కోర్‌తోనా, అన్నిటితోనా? ఎంతసేపు నడిపిరి?

మూడవ ప్రశ్నకు సమాధానమును తరగతిలోనే రాబట్టవచ్చును. ఒక ఫోనును, ఒక ట్యాబ్లెట్‌ను తీసికొని, రెండింటిలో ఒకే పరీక్షను ఒకే కూర్పుతో వరుసగా పదిసార్లు నడుపుడు. చార్జర్లను తీసివేసి, రెండింటిని నీడలో ఒకే బల్లపై ఉంచుడు. ప్రతిసారి వచ్చిన మార్కును గళ్ళ కాగితముపై గుర్తింపుడు. గీత ఎక్కడ వంగుచున్నదో, ఎక్కడ నిలుకడగా నున్నదో విద్యార్థులే చూతురు. ఆ గీతను చూచిన పిల్లవాడు ఒంటరి సంఖ్యను చూపి ఎవరేమి చెప్పినను అంత సులభముగా నమ్మడు.