మార్క్ ట్వేను యాత్రాగ్రంథమున హాస్యకరుణముల పొత్తు

యాత్రాగ్రంథములు రెండు తెఱగులుగా నుండును. దారి, దూరము, మజిలీలు, దొరకు పదార్థములు, పాలించువారి పద్ధతులు మొదలగువానిని దెలిపి వెనుక వచ్చు బాటసారికి దోడ్పడునవి కొన్ని. ఈ తెగలో ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రము తెలుగువారికి దలమానికము. 1830, 1831 సంవత్సరములలో సాగిన యా యాత్రలో గ్రంథకర్త తాను గన్నదానిని నాటికి నాడు వ్రాసిపెట్టుటచే నది నేటికిని చరిత్రకారుల కాధారమై యున్నది. రెండవ తెగ గ్రంథములయందు దేశము నిమిత్తమాత్రము. దేశమును జూచువాని మనస్సే వస్తువు. ప్రయాణికునకు నచ్చిన తావు, నచ్చని వసతి, అతనికి నవ్వు దెప్పించిన చిన్న సంగతి, వీనితోడనే పుటలు నిండును. పండితులు వీనిని గాలక్షేపపు వ్రాతలని త్రోసివేయుట కద్దు. ఆ తీర్పు న్యాయమగునా కాదా యని పరీక్షించుటకు మార్క్ ట్వేను 1897లో బ్రకటించిన ‘ఫాలోయింగ్ ది ఈక్వేటర్’ అను గ్రంథము మిక్కిలి తగినది. అందు సుమారు మూడవవంతు హిందూదేశ సంచారమే.

గ్రంథము పుట్టిన తీరు మొదట దెలియవలయును. సామ్యూల్ క్లెమెన్సు అను నసలు పేరుగల యీ యమెరికా రచయిత స్థాపించిన ప్రచురణసంస్థ 1894లో దివాలా తీసెను. అచ్చక్షరములను గూర్చు యంత్రమొకదానిపై బెట్టిన ధనమును మట్టిపాలయ్యెను. ఋణదాతల కణాపైసలతో దీర్చెదనని పూని, 1895 జూలైలో, తన యఱువదవ యేట, భార్యను గుమార్తెలలో నొక్కతెను వెంట బెట్టుకొని, ఉపన్యాసములిచ్చి ధనమార్జించుటకై భూప్రదక్షిణమునకు బయలుదేఱెను. ఆస్ట్రేలియా, న్యూజీలాండు, సింహళము, హిందూదేశము, దక్షిణాఫ్రికా చూచి 1896 వేసవిలో ఇంగ్లండు చేరెను. ఆ యాగస్టు నెలలోనే, ఇంటియొద్ద విడిచివచ్చిన పెద్దకూతురు సూజీ యిరువదినాలుగేండ్ల ప్రాయమున మరణించెను. తండ్రి యప్పుడు సముద్రమున కావలియొడ్డున నుండెను. ఆ శీతకాలమున లండనులో గూర్చుండి యతడు వ్రాసినదే యీ వినోదగ్రంథము. కుమార్తె మరణము గ్రంథమున వాచ్యము గాలేదు. అప్పులు 1898 నాటికి దీఱినవి.

అప్పు తీర్చుటకై, పుత్రికాశోకమున మునిగినవాడు వ్రాసిన నవ్వు కృత్రిమము కాక యెట్లుండును? ఈ ప్రశ్నకు జీవితచరిత్రము సమాధానము చెప్పజాలదు, గ్రంథమే చెప్పవలయును.

హాస్యమునకు గరుణము విరోధి యని సాహిత్యదర్పణకారుడు స్పష్టముగ జెప్పినాడు. అయినను విరోధులగు రసములు రెండు నొక్క ప్రబంధమున నిలుచుటకు మార్గములు కలవని ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున నానందవర్ధనుడు నిరూపించెను. ఒకదానిని రెండవదాని కంగముగా జేయుట యొకటి. రెంటికిని వేర్వే ఱాశ్రయములు గల్పించుట యొకటి. రెంటి నడుమ రెంటికిని గిట్టు వేఱొక రసమును నిలుపుట యింకొకటి. ఈ మూడవదానికి నాగానందము నిదర్శనము. జీమూతవాహనుని శాంతమునకును మలయవతిపై ననురాగమునకును నడుమ గానవాద్యములను గూర్చిన యద్భుతము నిలిచి సంధి చేయుచున్నది. మార్క్ ట్వేను ఆనందవర్ధనుని ఎఱుగడు. కాని రసముల నడక ఎఱిగినవానికి శాస్త్రము పేరు తెలియనక్కఱలేదు.

బొంబాయి ప్రకరణమును జూడుడు. 1896 జనవరిలో నోడ దిగినంతనే యతనికి బట్టణము వేయిన్నొక్క రాత్రుల కథలు కన్నులకు గట్టినట్లు తోచెను. రంగురంగుల వస్త్రములు, జనసమ్మర్దము, ఎండ, వీనిని వర్ణించి వర్ణించి యతనికి దనివి తీఱదు. అంతట హోటలు గది. సాయపడుటకు వచ్చిన జర్మను డొకడు, తలుపు సరిచేయుచు మోకాళ్లపై నున్న దేశీయుని పని నచ్చక, తప్పేమో చెప్పకమునుపే చెంపపై గొట్టెను. దెబ్బతిన్నవాడు మాఱుపలుకలేదు. చూచుచున్న యాత్రికునకు వెంటనే యేబదియేండ్ల క్రిందటి మిస్సౌరీ పల్లె కనబడెను. స్వభావమున దయాళువైన తన తండ్రియు బానిసపిల్లవానిని నప్పుడప్పు డట్లే కొట్టెడివాడు. పనిలో నేమో తడబడె నన్న మాత్రమున, బానిస యొకనిపై యజమాని యినుపరాతిగడ్డ విసరగా, దల పగిలి గంటలోపల వాడు చచ్చుట పదేండ్ల ప్రాయమున దాను గన్నులార జూచినాడు. ఊరివా రెవ్వరు నది మంచిదనలేదు. గట్టిగా జెడ్డదనియు ననలేదు.

ఇచట వినోదగ్రంథము చచ్చిపోవలసినది. చావలేదు. ఏలయన, గ్రంథకర్త యీ కరుణమునుండి తిన్నగా నవ్వులోనికి దుమికినవాడు కాడు. ఒక్క క్షణమున మనస్సు భూగోళమున కావలివైపునకు, అర్ధశతాబ్దము వెనుకకు బోయి మరల వచ్చునప్పటికి, ఎదుటివాని చెంప మంట యింకను దీఱలేదే యని మనోవేగమునకు నతడాశ్చర్యపడుచున్నాడు. ఈ యాశ్చర్యమే రెంటి నడుమ నిలిచిన యద్భుతము. అది కరుణమును జెఱుపదు. వచ్చు హాస్యమునకు దారి విడుచును. తరువాతనే సేవకుల సందడియు, నిద్రపట్టనీయని కోలాహలమును, తుదకు గాకులును వచ్చుచున్నవి.

కాకులను గూర్చిన పుటలు లోకప్రసిద్ధములు. జూదరి, దొంగ, చాడీకోరు, కపటి, రాజకీయవేత్త మొదలుగా నెన్నియో జన్మములెత్తి, ప్రతిజన్మమునందలి చెడుగును గూడబెట్టుకొని కాకి యయినదని యతని చమత్కారము. జన్మాంతరవాదమును బరిహసించినాడని కొందఱు నొచ్చుకొనవచ్చును గాని, నవ్వుగుఱి యిచట సిద్ధాంతము కాదు. వసారా కమ్మిపై వరుసగా గూర్చున్న కాకులు ఈ తెల్లదొర బట్టలను, మేనిరంగును, రూపమును దమలో దాము తర్కించుచున్నవట! హాస్యమున కాలంబనము వికృతవేషభాషలు గలవా డని లాక్షణికులన్నారు. ఇందు యాత్రికుడు తన్ను దానే యాలంబనముగ జేసికొనెను. మొన్నటి పుటలో దొర కొట్టగా దేశీయు డూరకుండెను. ఈ పుటలో దేశీయమగు కాకి దొరను విమర్శించుచున్నది. ఈ తారుమాఱు యాదృచ్ఛికమని తలచుట కష్టము.

తన్ను దాను నవ్వుకొనునప్పుడెల్ల నితని చేయి తప్పదు. తాజమహలునుగూర్చి యితరులు వ్రాసిన వర్ణనలను జదివి జదివి మనస్సున నాకాశమంటు తాజును గట్టుకొనుటయు, ఎదుటనున్న తాజు దాని కంటె జిన్నదైపోవుటయు జెప్పి, ఆ తప్పును తన యూహపై వేసికొనును. తుదకు దన దేశమున శీతకాలమున జెట్లకొమ్మలపై మంచు గడ్డకట్టి సూర్యకిరణములకు దళతళలాడు దృశ్యముతో దాజును సరిపోల్చును. చూడవచ్చిన వింతను మెచ్చుకొనుటకు ఇంటిదగ్గఱి వింతను దెచ్చుకొనుట యెంతయు సహజము. డార్జిలింగులో మేఘములు కప్పుటచే గాంచనగంగ కనబడని యొక యాత్రికుడు హోటలువాని లెక్కకాగితము జూచి, హిమాలయమున నన్నిటికంటె నెత్తైనది చూచితినని తృప్తిపడి పోయెనట. ఆ కొండనుండి యంత్రములేని చిన్నబండిపై రైలుపట్టాలమీదుగ 35 మైళ్లు దిగివచ్చిన దినమే భూలోకమున దాను గడపిన యత్యానందదినమని యతడు వ్రాసినాడు. అప్పులవాని, ముదుసలి నోట వచ్చిన యీ మాట యందఱి నోటి మాట వంటిది కాదు.

లోపములు లేవనరాదు. నోరు తిరుగని పేరుగల సేవకునకు సైతానని పేరుపెట్టి నవ్వుట దొరతనమే. ఠగ్గులను గూర్చి స్లీమన్ నివేదికనుండి యెత్తివ్రాసిన భాగములు దీర్ఘములై విసుగు పుట్టించును. తెల్లజాతియు నాగరకత యను పలుచని పూత గల ఠగ్గుల జాతియే యను వ్యాఖ్య నడుమ దగులుటచే మాత్రము చదువరి పుట త్రిప్పును. కాశీప్రకరణము మఱింత బలహీనము. ఏ వ్యాధి కే గుడి, ఏ కోరిక కే బావి యని యాత్రికునకు బట్టిక వ్రాసియిచ్చినట్లు నడచిన యా భాగము పార్కరను మతబోధకుని చేతిపుస్తకము నాధారముగా గొన్నది. అన్యుని కన్నులతో జూచుటచే నద్భుతము లోపించి, హాస్యము పరిహాసముగా దిగజాఱినది. అదే కాశికి బోయిన వీరాస్వామయ్యగారు భక్తుడుగా నున్నందున, తాను జూచినదానిని దన కన్నులతోడనే చూచినారు.

అయినను కాశిలోనే యొకచోట రచన తేరుకొనినది. గంగాజలమున గలరా క్రిములు ఆఱుగంటలలో నశించుచున్నవని యాగ్రాలోని ప్రభుత్వశాస్త్రజ్ఞుడు హాంకిన్ కనుగొనిన సంగతి విని, ఈ నీటిని బవిత్రమని యీ ప్రజలు తరతరములుగ నెట్లు తెలిసికొనిరో యని యితడు విస్మయపడెను. క్రిములను దినునట్టి సూక్ష్మతరజీవులు, బాక్టీరియోఫేజులను పేర, 1915, 1917 సంవత్సరములలో గాని శాస్త్రజ్ఞుల కెఱుకపడలేదు. పట్టికతో నవ్విన చేయి యిచట నాగినది. ప్రయాగలోను నంతే: ముసలివారు, రోగులు, నడవలేనివారు మాఘస్నానమునకై నెలలతరబడి నడచివచ్చుట చూచి, నవ్వు మఱచి యా విశ్వాసబలమునకు నమస్కరించినాడు.

1869 నాటి ‘ఇన్నోసెంట్స్ అబ్రాడ్’ గ్రంథమున నితడు యూరపు పటములను, దారిచూపువారిని నిశ్చింతగా నవ్వెను. ఆ నవ్వు పెద్దది. దాని కెదురు నిలిచిన రసము మాత్రము స్వల్పము. ఇరువదియెనిమిదేండ్ల పిదప వచ్చిన యీ గ్రంథమున నవ్వు తగ్గినది, తడబాటు హెచ్చినది, ఎత్తివ్రాతలు హెచ్చినవి; బొంబాయి ప్రకరణము వంటిది మొదటిదానిలో లేదు. ఆ ప్రకరణమును దెనిగించువారు, బాలుర వినోదమునకు గాకుల పుటలు మాత్రము చాలునని తలుపు దగ్గఱి పుటను విడిచిరేని, కాకులు మిగులును గాని వసారాలో గూర్చున్న మనుష్యుడు మిగులడు.