తెల్లనివన్నీ వానమబ్బులు కావు

పోర్ట్‌బ్లెయిర్ పేరును 2024లో శ్రీవిజయపురంగా మార్చారు. జంగ్లీఘాట్ జెట్టీ దగ్గర మనవాళ్ల నోట మాత్రం ఇంకా పాత పేరే వినిపిస్తుంది. మనవాళ్లంటే ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి, సముద్రాన్ని నమ్ముకుని అక్కడే స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు. కిందటిసారి వెళ్లినప్పుడు వల చిల్లులు కుడుతున్న ఒక పెద్దాయన తన ఫోను నా చేతికిచ్చాడు. అందులో ఎవరో పంపిన ఉపగ్రహ చిత్రం ఉంది. అండమాన్ సముద్రం మీద వెన్నముద్దలా పెద్ద తెల్లటి మచ్చ.

"ఈ తెల్లగా ఉన్నదంతా వానేనా బాబూ? రేపు వేటకెళ్లొచ్చా?"

ఇరవై ఏళ్లుగా రోజూ పొద్దున్నే లేచి ఈ చిత్రాలు చూడటం నాకు అలవాటు. అయినా ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ముందు చిత్రం మూలన ఉన్న అంకెలు చూశాను. అది మూడు రోజుల కిందటిది. ఆ మచ్చ ఏనాడో చెదిరిపోయింది.

తర్వాత పక్కన కూర్చుని, తెలుపంటే ఏమిటో చెప్పాను. ఇన్సాట్ ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండి, మేఘాల నెత్తి నుంచి వచ్చే వేడిని కొలుస్తుంది. మేఘం ఎంత ఎత్తుకు పోతే దాని తల అంత చల్లబడుతుంది, చిత్రంలో అంత తెల్లగా కనిపిస్తుంది. పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు లేచిన ఉరుముల మేఘం తెల్లగానే ఉంటుంది. పైగాలి ఈడ్చుకుపోయిన పలచటి మంచుమబ్బూ తెల్లగానే ఉంటుంది, దాని కింద చినుకైనా ఉండకపోవచ్చు. తెల్లనివన్నీ పాలు కావన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

అందుకే నాకు పొద్దు పొడవగానే వచ్చే చిత్రమంటే ఇష్టం. అది మామూలు వెలుతురులో తీసినది. విశాఖ కంటే దాదాపు నలభై నిమిషాల ముందే అండమాన్‌లో పొద్దు పొడుస్తుంది. ఏటవాలు ఎండ పడగానే ఎత్తైన మేఘాలు పక్కవాటి మీద నీడలు వేస్తాయి. రాత్రంతా సున్నం పూసినట్టున్న ముద్దలో ఎత్తుపల్లాలు తేలతాయి. ఒక్కోసారి తుఫాను సుడి కేంద్రం మబ్బు గొడుగు కింద లేకుండా పక్కకు జరిగి, బోసిగా కనిపిస్తుంది. సుడికి బలం చాలడం లేదని అప్పుడు అర్థమవుతుంది.

బంగాళాఖాతంలో తుఫాను బలాన్ని చాలావరకు ఇలా చిత్రం చూసే అంచనా కడతారు. తుఫానులోకి విమానం పంపి కొలిచే ఏర్పాటు అమెరికాకు ఉన్నట్టు మనకు లేదు. వెర్నన్ డ్వోరాక్ అనే అమెరికా శాస్త్రవేత్త 1970లలో రూపొందించిన పద్ధతే ఇప్పటికీ ఆధారం. మేఘపట్టీ కేంద్రం చుట్టూ ఎంతమేర చుట్టిందో కొలుస్తారు. సగం చుట్టు తిరిగిందంటే గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటి, వాయుగుండం తుఫాను అయ్యే హద్దుకు వచ్చినట్టే. పూర్తిగా చుట్టుకుని మధ్యలో కన్ను తెరిస్తే ఇక చెప్పేదేముంది!

చిత్రంతో పాటు అలల కబురూ కావాలి. పెద్దాయన నీటి మీది ముడతలు చూసి గాలి జోరు చెప్పేస్తాడు. 2016లో వెళ్లిన స్కాట్‌శాట్-1 ఉపగ్రహం 2021 దాకా చేసిందీ, 2022లో వెళ్లిన ఓషన్‌శాట్-3 చేస్తున్నదీ ఆ పనే. రాడార్ తరంగాలను సముద్రం మీదికి పంపి, నీటి గరుకుదనాన్ని బట్టి గాలి వేగం, దిశ పట్టేయడం. ఆ మాట చెబితే ఆయన ముఖం వెలిగింది. "అయితే మా విద్యే!" అన్నాడు. అవును, ఆ విద్యే.

హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్ 8న అండమాన్ దీవులను దాటి, 12న విశాఖ మీద విరుచుకుపడింది. అంతకు ముందటేడు నవంబర్‌లో లెహర్ కూడా ఈ దీవుల మీదుగానే వచ్చింది. ఒక దశలో అతితీవ్ర తుఫానుగా మారింది కూడా. కానీ దారిలో పొడిగాలి చొరబడింది, సముద్రంలో వేడి తగ్గింది. 28న మచిలీపట్నం దగ్గర తీరం చేరేసరికి వాయుగుండంగా మిగిలింది. అప్పుడు కోస్తాలో "ఊరికే భయపెట్టారు" అన్నవాళ్లను నేను చాలామందిని విన్నాను. బాధేసింది. లెహర్ బలహీనపడటాన్ని వాతావరణ శాఖ చూస్తూనే ఉంది, చెబుతూనే ఉంది. ముందు రోజు వచ్చిన పెద్ద హెచ్చరిక ఊరంతా పాకింది, తర్వాత వచ్చిన సవరణ పాకలేదు. లోటు అక్కడుంది. మర్నాటి సంగతి మర్నాడు మళ్లీ చెప్పాలి, ఎందుకు మారిందో కూడా చెప్పాలి. 1977 నవంబర్ 19న దివిసీమ వేలమందిని పోగొట్టుకున్న నాటికి మనకంటూ ఒక్క వాతావరణ ఉపగ్రహమూ లేదు. ఇప్పుడు ఇన్సాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచే వెళ్లిన ఇన్సాట్-3డీఎస్ ఉన్నాయి. అరగంటలోపే కొత్త చిత్రం చేతికొస్తోంది. మనకు చిత్రాల కరవు లేదు, వాటిని పక్కన కూర్చుని చదివి చెప్పేవాళ్ల కరవుంది.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సముద్రపు వేడిని, నీటి రంగును ఉపగ్రహాల నుంచి చూసి, చేపలు ఎక్కడ దొరకవచ్చో తెలుగులోనూ చెబుతుంది. ఆ కబురును జాలరి మర్నాడే తన వలతో సరిచూసుకోగలడు. నమ్మకం అలాగే కుదురుతుంది. తుఫాను హెచ్చరికను ఏడాదికి ఒకటి రెండుసార్లు కాక, మామూలు రోజుల్లో కూడా ఇలా కలిసి చూసుకుంటే దానికీ ఆ నమ్మకం వస్తుంది. అండమాన్ బడుల్లో, జెట్టీల దగ్గర వారానికో గంట ఈ పని చేయడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు.

ఈ శీతాకాలం ముందర మళ్లీ అల్పపీడనాల కబుర్లు మొదలవుతాయి. మీ ఫోనుకూ ఆ తెల్లటి ముద్ద రావచ్చు. ఎవరికైనా పంపే ముందు దాని మూలన తేదీ, సమయం చూడండి. యూటీసీ (అంతర్జాతీయ సమయం) అని ఉంటే దానికి ఐదున్నర గంటలు కలపండి. తేదీ లేని చిత్రాన్ని మాత్రం దయచేసి ఎవరికీ పంపకండి.