చేతి సైగలకు కదలు కంప్యూటరు - ఒక చలనచిత్ర భావన

2002లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకత్వమున వెలువడిన ‘మైనారిటీ రిపోర్ట్’ అను అమెరికన్ చలనచిత్రములో కథానాయకుడు, వ్రేళ్ళ కొనలయందు దీపములు వెలుగు చేతొడుగులు తొడిగికొని, పెద్ద గాజుతెర ముందు నిలుచును. చేయి విసరినచో బొమ్మ ప్రక్కకు తొలగును. త్రిప్పినచో దృశ్యము వెనుకకు నడచును. కథాకాలము 2054. ఈ కల్పనకు శాస్త్రజ్ఞుడైన జాన్ అండర్‌కాఫ్లర్ సలహాదారు. కనుక దీనిని వట్టి గారడి యని త్రోసివేయరాదు. కంటికింపైన మాటయు నిజమే. పనికి అనుకూలమా యన్నదే ప్రశ్న.

మొదటి చిక్కు భుజమునకు సంబంధించినది. ఒక చేతి బరువు శరీరపు బరువులో సుమారు ఇరువదవ వంతు. 60 కిలోగ్రాముల వ్యక్తికి 3 కిలోగ్రాములు. చేయి చాచినపుడు ఆ బరువంతయు భుజమునకు సుమారు 30 సెంటీమీటర్ల దూరమున వ్రేలాడినట్లే. బలమును దూరముతో గుణించగా వచ్చు భ్రామకము దాదాపు 9 న్యూటన్ మీటర్లు. కండరములు దీనిని ఎడతెగక మోయవలెను. బిగిసియున్న కండరములో రక్తప్రసారము తగ్గును. కొన్ని నిమిషములకే చేయి లాగును. నల్లబల్ల పైభాగమున చాలసేపు వ్రాయు ఉపాధ్యాయులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఇంజనీర్లు దీనికి ‘గొరిల్లా చేయి’ అని పేరిడిరి. మౌసు పట్టిన చేయియో, బల్లపై ఆని విశ్రమించును.

రెండవ చిక్కు ఇంతకంటె లోతైనది. చిత్రములోనే ఒకచోట నాయకుడు వచ్చిన అధికారితో కరచాలనమునకై చేయి చాపగా, తెరపై బొమ్మలు చోటు తప్పును. ప్రేక్షకులు నవ్వుకొని మరచు ఈ క్షణముననే చిత్రములోని నిజమైన విజ్ఞానము కలదు. మౌసుకు మీట యున్నది, నొక్కిననే ఆజ్ఞ. గాలిలోని చేతికి మీట యెక్కడ? తల గోకికొన్నను యంత్రము దానిని ఆజ్ఞ యనుకొనవచ్చును.

2010లో మైక్రోసాఫ్టు సంస్థ ‘కినెక్ట్’ను విడుదల చేసెను. అది గదిలో పరారుణ చుక్కలను వెదజల్లి, అవి జరిగిన తీరునుబట్టి వస్తువుల దూరమును లెక్కించి, మనిషి కీళ్ళ స్థానములను గుర్తించెడిది. ఆటలకు బాగుగనే యుండెను, ఒడలు కదల్చుటయే అచట ఆట గనుక. 2017లో దాని తయారీ నిలిచిపోయెను. 2024లో ఆపిల్ సంస్థ విక్రయించిన ‘విజన్ ప్రో’ కళ్ళజోడులో ఈ రెండు చిక్కులకును విరుగుడు కానవచ్చును. చేయి ఒడిలోనే యుండును. వస్తువును చూపు ఎన్నుకొనును. బొటనవ్రేలిని చూపుడువ్రేలికి తాకించుటయే మీట నొక్కుట. చిత్రమునందు భుజము చేసిన పనిని ఇచట రెండు వ్రేళ్ళు చేయుచున్నవి.

శస్త్రచికిత్స గదిలో మాత్రము కథ వేరు. శుభ్రపరచిన చేతులతో వైద్యుడు మౌసును ముట్టరాదు. ఎక్స్-రే చిత్రమును త్రిప్పవలసినది క్షణకాలమే. స్పీల్‌బర్గ్ నాయకుని విసురు అచట చక్కగా నప్పును.