పొలిమేర బడిలో పిల్లల పుస్తకములు

హోసూరు ప్రాంతపు తెలుగు బడిలో పిల్లలకు ఎట్టి కథాపుస్తకము లుండవలెనను ప్రశ్న పైకి మిక్కిలి చిన్నదిగ దోచును. పాఠ్యపుస్తకమును ప్రభుత్వము నిర్ణయించును. అందు ఉపాధ్యాయుని యిష్టానిష్టములకు తావు లేదు. బీరువాలోని పుస్తకములను మాత్రము అతడే యెన్నుకొనును. తమిళనాట 2006లో తమిళాభ్యసన చట్టము వచ్చి, ఒకటవ తరగతితో మొదలిడి ఏటేట పైతరగతులకు తమిళమును ఆవశ్యక పాఠ్యముగ జేసిన పిదప, తమిళేతరుల మాతృభాష ఐచ్ఛిక స్థానమునకు జరిగినది. రాజభాషను నేర్వవలదని మాలో నెవ్వరును అనరు. కాని పాఠ్యపుస్తకము మోయుచుండిన బరువు కొంత ఇప్పుడు బీరువామీద పడినది. కనుక అందేమి యుంచుచున్నామో పరిశీలించుకొనుట అవసరము.

అమెరికాదేశపు విద్యావేత్త రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో ఒక వ్యాసమున బాలల పుస్తకములను అద్దములతోను, కిటికీలతోను, జరుపుడు గాజు తలుపులతోను పోల్చినారు. తన బ్రతుకు తాను చూచుకొనుటకు అద్దము, పరుల లోకమును చూచుటకు కిటికీ, ఆ లోకమున అడుగిడుటకు తలుపు. తమ ముఖము పుస్తకములలో నెచ్చటను కనబడని నల్లజాతి పిల్లలను ముఖ్యముగ దృష్టిలో నుంచుకొని ఆమె ఈ మాట చెప్పినారు. పోలిక చక్కనిదే. అయినను పొలిమేర బడికి తెచ్చినప్పుడు అది కొంత చిక్కుపడును. విజయవాడలో అచ్చయిన పుస్తకము మా పిల్లకు భాషచేత అద్దము, బ్రతుకుచేత కిటికీ. చెన్నపట్టణమున అచ్చయిన తమిళ పుస్తకము బ్రతుకుచేత అద్దమునకు చేరువ, భాషచేత కిటికీ. రెండును కలిసిన అద్దము అంగడిలో దొరకదు.

ఈ సంగతి నాకు ఆలస్యముగ దెలిసినది. ఉద్యోగమున చేరిన క్రొత్తలో నేను ఏరి తెచ్చిన నలువది పుస్తకములలో గోదావరి రేవులు, కాలువగట్లు, కొబ్బరితోటలు, రాజులు, మంత్రులు నిండియుండిరి. రాగి సంగటి తినువారు, గులాబితోటలలో కూలికి పోవువారు, రాతిక్వారీలలో పని చేయువారు ఒక్కరును లేరు. ఆరవ తరగతి బాలిక యొకతె ఒక పుస్తకమును మరునాడే తిరిగి యిచ్చుచు, “సార్, ఇది తెలుగయితే మేం ఇంట్లో మాట్లాడేది ఏంది?” అని యడిగినది. నేను నవ్వి ఊరకుంటిని. ఆ సాయంకాలమే కాపీపుస్తకములు దిద్దుచు, వారి యిండ్ల మాటల క్రింద ఎర్రసిరాతో గీతలు గీయుచుండగా, ఆ ప్రశ్నకు నా జవాబు ఇదియే గదా యని తోచినది. ఆ పిల్ల తరువాతి సంవత్సరము తెలుగు విడిచినది. తప్పు పుస్తకములదే యని చెప్పజాలను. వానిది కాదనియు చెప్పజాలను.

పాతవారు తటాలున చందమామను పేర్కొందురు. 1947 జులైలో తెలుగునను తమిళమునను ఒకేసారి చెన్నపట్టణమునుండి వెలువడిన ఆ పత్రిక ఇప్పుడు రాకున్నను, పాత సంచికలు మా బీరువాలో గలవు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుండి 1980లో మరణించువరకు దానిని నడపిన తీరు పిల్లల వచనమునకు ఒరవడి. వాక్యము పొట్టిది, క్రియ స్పష్టము, ఆడంబరము లేదు. తెలుగు సంచిక చేతబట్టిన పిల్లయు తమిళ సంచిక చేతబట్టిన పొరుగింటి పిల్లయు అరుగుమీద గూర్చుండి ఒకే కథను చదువగలుగుట మా వంటి ఊళ్లకు చిన్న మేలు కాదు. లోపమును చెప్పవలెనన్న, ఆ కథాలోకము రాజు, వర్తకుడు, పండితుడు, జమీందారు వీరి చుట్టు తిరుగును. కూలివాని బిడ్డ అందు పనివాడుగనో తెలివిచే రాజును మెప్పించువాడుగనో వచ్చునే గాని, తన యింటిలో తానుగా నుండుట అరుదు.

ఆ కొరత తీర్చినవి పిల్లల కొరకని ప్రత్యేకముగ వ్రాయని పుస్తకములు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి ‘పచ్చనాకు సాక్షిగా’లోని చిత్తూరు పలుకు మా ప్రాంతపు పలుకునకు దాయాది. అందలి నాటుమాటలను జూచి కొందరు ఉపాధ్యాయులు వెనుకాడుదురు. కథలను ఏరి చదివింపవచ్చును గాని, మాట మోటుగ నున్నదని పుస్తకమునే తలుపు వెలుపల నిలుపుట న్యాయము గాదు. స.వెం. రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ పులికాటు సరస్సుచుట్టు తెలుగువారి బ్రతుకును, అచ్చపు దేశి మాటలతో, తాత అవ్వల నడుమ పెరిగిన బాలుని కంటితో చూపును. ఎల్ల కావలి తెలుగునకు ఇంతటి గౌరవము చేసిన పుస్తకములు కొన్నియే. అట్లని అది మా పిల్లలకు సులభమనుకొనరాదు. అందలి చేపలు, పిట్టలు, ఆటలు నీటియంచువి; మాది మెట్టసీమ. ఒక పొలిమేర అద్దము మరియొక పొలిమేరకు కిటికీయే యగుచున్నది. ఏడెనిమిది తరగతులవారికి ఉపాధ్యాయుడు ప్రక్కనుండి చదివి చెప్పిననే అది రుచించును.

మహమ్మద్ ఖదీర్ బాబుగారి ‘దర్గామిట్ట కథలు’ కావలి పట్టణపు ముస్లిము కుటుంబములోని బాల్యమును నవ్వు చెడకుండ చెప్పును. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో తెలుగు, మలయాళము, ఆంగ్లములలో వెలువరించిన బాలల కథామాలలో తలకాయ కూరనుగూర్చి ఆయన వ్రాసిన కథ గలదు. గోగు శ్యామలగారి కథలును ఆ మాలలో నున్నవి. తలకాయ కూర కథను తరగతిలో చదివిన దినమున, ఎన్నడు చేయి యెత్తని పిల్లలు లేచి, తలను నిప్పులపై కాల్చుట, గీకుట, మసాలా నూరుట వరుసగ చెప్పిరి. మునుపు వంటనుగూర్చి మేము వ్రాయించిన వ్యాసములన్నిటను పులిహోరయు పాయసమునే యుండెడివి. పిల్లలు తమ యింటి కూరను బడికి పనికిరాని సంగతిగ తలచియుండిరని అప్పుడు గ్రహించితిని.

ఆ యుత్సాహముననే నేను ఒక పొరపాటు చేసితిని. ముస్లిము పిల్లవాని వంక తిరిగి, “ఇది మీ యింటి కథ వంటిదే గదా” యంటిని. వాడు తల వంచుకొనెను. ఆ వారమంతయు పుస్తకము ముట్టలేదు. అద్దమును ఒకని ముఖమునకు ఎదురుగ పట్టి నలుగురిని చూడుమనుట వేరు, గోడకు తగిలించి యూరకుండుట వేరు. పుస్తకములను మేలుగ నెన్నుకొనియు వానిని చెడుగ వాడువారు మాలో ననేకులు గలరు. అట్టి కథను చదివినపుడు ఎవరి పేరును ఎత్తకుండుటయే ఇప్పుడు నా పద్ధతి. చెప్పదలచిన పిల్ల తానే చెప్పును.

ఇక ఇటీవలి బొమ్మల పుస్తకములు. చెన్నపట్టణపు తూలికా సంస్థ 1996 నుండి ద్విభాషా పుస్తకములను వేయుచున్నది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ 2015 నుండి ఒకే కథను పలు భాషలలో ఉచితముగ నందించుచున్నది. చక్రాల కుర్చీలోని బాలిక, ఒంటరి తల్లి, వలస కూలి కుటుంబము ఇట్టివారు బొమ్మలలోనికి వచ్చుట సంతోషకరము. కాని స్టోరీవీవర్ తెలుగు అనువాదములు కొన్ని ఏ యింటను మాట్లాడని తెలుగులో నున్నవి. వాక్యము ఆంగ్లపు నడకనే నడచును. బొమ్మ అందరిని లోనికి పిలుచుచుండగా భాష వాకిట నిలిపివేయును. అట్టి పుస్తకమును పెద్దగా చదివి చూచుట నా పరీక్ష. రెండు పుటలు చదువునప్పటికి నా నాలుకయే తడబడిన, అది బీరువాకు చేరదు.

వెలితి యింకను గలదు. హోసూరు కర్మాగారములకు తల్లిదండ్రులతో వచ్చి, ఇంట తెలుగు, బస్సులో తమిళము, సంతలో కన్నడము మాట్లాడు బాలిక కథానాయికగా నున్న పుస్తకము నాకింతవరకు చిక్కలేదు. లేని పుస్తకమును ఏమి చేయవలెనో పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు చేసి చూపినారు. సవర పిల్లలకు తెలుగు వాచకములు పనికిరావని తెలిసికొని, తాను సవర భాష నేర్చి, ఆ భాషలోనే వాచకములు వ్రాసి, స్వంత ధనముతో బడులు నడపినారు. ఆయన మాటను గ్రాంథికమున స్తుతించుట కొంత నవ్వు పుట్టించునదియే. ఈ సంచికల ఆచారము విడువలేక వ్రాయుచున్నాను.

నేను చేసినది మిగుల స్వల్పము. ఏడవ తరగతివారు అవ్వలవద్ద విన్న కథలను, అవ్వ పలికిన మాటలనే మార్చక, ఒక గీతల పుస్తకమున వ్రాయుచున్నారు. తప్పులు నేను దిద్దను. దానికి కూడ బీరువాలో సంఖ్య వేసి, తక్కిన పుస్తకములవలె ఇండ్లకు ఇచ్చుచున్నాము. ఇప్పటికి మూడు పుస్తకములు నిండినవి. మొదటిదాని అట్ట ఊడినది. వేసవి సెలవులకు ముందే బైండు చేయింపవలసియున్నది.