కొల్లేటి గట్ల మీద శరత్కాలపు నడక

నైరుతి వానలు వెనుదిరిగి, బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసిన నీరు ఇంకా నిండుగా నిలిచి ఉండగా, ఉత్తరాది చలికి తరలివచ్చే వలస పక్షులు ఒక్కొక్క గుంపుగా దిగడం మొదలుపెట్టే ఆశ్వయుజ, కార్తీక మాసాలు కొల్లేటి గట్ల మీద నడవడానికి అనువైన కాలం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడి, మిగులు నీటిని ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలోకి వదిలే ఈ మంచినీటి సరస్సు చిత్తడి నేలల కోవకు చెందుతుంది. ఏడాదిలో కొంతకాలమైనా లోతులేని నీటితో తడిసి, ఆ తడికి అలవాటుపడిన మొక్కలనూ జీవులనూ పోషించే నేలను చిత్తడి నేల అంటారు. పక్షుల పేర్ల జాబితా పెంచుకోవడమే ఇక్కడి నడకకు పరమార్థమని భావించేవారు లేకపోలేదు గాని, పక్షి కాళ్లను, ముక్కును బట్టి నీటి లోతునూ అడుగున ఉన్న మేతనూ పోల్చుకోవడమే ఇందులోని అసలు విద్య.

పొద్దు పొడిచిన తొలి గంటల్లో, ఎండ వీపుమీద పడేలా గట్టు ఎంచుకుని, జమ్ము, కిక్కిస దుబ్బుల చాటున ఆగి ఆగి నడవడం ఇందుకు మొదటి నియమం. ఎదురెండ తప్పనిచోట రంగులు తెలియవు కనుక ఆకారం, మేసే తీరు ముందుగా చూడాలి. బురద అంచున పరుగులు తీస్తూ పొడిచి తినే చిన్న పిట్టలున్నచోట నీరు చీలమండ దాటదు. సూదితోక బాతులు తల ముంచి తోక పైకెత్తి మేస్తుంటే, మెడ చాచితే అడుగు అందేంత నీరే ఉందని గ్రహించవచ్చు. తెడ్డుమూతి కొంగ ముక్కును నీటిలో అటూ ఇటూ ఊపుతూ, చూపుతో కాక స్పర్శతో చేపపిల్లలను పడుతుంది. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా నడుమ సందు మిగులుతుంది. నత్తలను పట్టి తినడానికి అమరిన ఆ ముక్కు గల కొంగలు గుంపులుగా కనిపించిన చోట నత్తలు సమృద్ధిగా ఉన్నట్లే. నీటికాకులు మునిగి వేటాడేవి గనుక అవి చేరిన చోట లోతు ఎక్కువ.

ఈ లెక్కన చూస్తే కొల్లేటి స్థితి గురించి తొందరపడి తీర్పు చెప్పడం కుదరదు. ఆటపాక వద్ద గూడబాతులు పెద్దసంఖ్యలో గూళ్లు కట్టడం చూసి సరస్సు క్షేమంగా ఉందనుకోవడం సహజమే. అయితే 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ ఆరేడు అనే గ్రామంలో గుర్తించిన గూడబాతుల స్థావరం చెట్లమీద ఉండేది, తర్వాతి దశాబ్దాల్లో అది ఖాళీ అయింది. ఆటపాకలో ఈనాడు అవి అటవీశాఖ నిలిపిన ఇనుప మంచెలను ఆశ్రయిస్తున్నాయి. సరస్సు నేలలో తవ్విన చేపల చెరువుల వల్ల గూడబాతుకు మేత దొరుకుతుంది గాని, నిటారు గట్లూ లోతు నీరూ గల ఆ చెరువుల్లో పొట్టికాళ్ల బురదపిట్టకు నిలువనీడ లేదు. 1999లో +5 అడుగుల కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత లోపలి నేలను, అభయారణ్యంగా ప్రకటించడమూ, 2002లో చిత్తడి నేలల పరిరక్షణకు ఉద్దేశించిన రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు రావడమూ, 2006లో అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టడమూ ఆ లోతులేని అంచును కాపాడే ప్రయత్నాలే.

అందుకే గుంపులో పది పక్షులు ఆక్రమించిన జాగాను కొలతగా తీసుకుని మొత్తాన్ని అంచనా వేసే పద్ధతితో పాటు, ఏ జాతి ఎంత నీటిలో, ఏ మొక్కల మధ్య మేస్తున్నదో కూడా నడిచేవారు రాసుకోవాలి. గత శరత్తులో బురదపిట్టలు దిగిన గట్టున ఈసారి ఒక్కటీ లేకపోతే, ఆ గట్టు పేరు పక్కన సున్నా అని రాసి, నీరు ఎంత లోతున ఉందో దాని పక్కనే నమోదు చేయాలి.