ఒక్క పూట పువ్వు

అంగడి నాడు హుస్నాబాద్‌లో రోడ్డు పక్కన కుప్పలు పోసిన పుచ్చకాయల్లో నేను ముందుగా వెతికేది వంకర కాయ. ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నగా, ఎవరో మెడ నొక్కి వదిలినట్టుండే కాయ ప్రతి కుప్పలోనూ ఒకటో రెండో ఉంటుంది. కొనేవాళ్లు దాన్ని పక్కకు దొర్లిస్తారు. అమ్మే ఆమె కూడా "అది వద్దు సారూ, మంచిది ఇస్త" అంటుంది. నాకు అదే కావాలంటాను. ఇంటికి తెచ్చి తొడిమ నుంచి కింది దాకా నిలువుగా కోస్తాను. లావుపాటి వైపు నల్లటి గింజలు నిండుగా ఉంటాయి. సన్నబడ్డ వైపు గింజలే ఉండవు, ఉన్నా తెల్లటి పొల్లు గింజలు. గింజ పట్టిన చోట కండ పెరిగింది, పట్టని చోట పెరగలేదు. నీటి ఎద్దడి వల్ల కూడా కాయ వంకర పోతుంది, కాదనను. కానీ గింజలు ఇట్లా ఒక పక్కకే ఉన్నాయంటే ఆ కాయ పువ్వుగా ఉన్న పొద్దు దాని మీద తేనెటీగలు సరిపడా వాలలేదని అర్థం.

పువ్వులో ఆడ, మగ ఉంటాయని నాకు మొదట చెప్పింది బడి కాదు, మా అవ్వ. బతుకమ్మ రోజుల్లో పెరట్లో గుమ్మడి తీగ దగ్గరికి నన్ను పంపేది. బతుకమ్మ కొసన గుమ్మడి పువ్వు పెట్టి, పసుపు గౌరమ్మను నిలుపుతాం కదా, అందుకు. "పిందె ఉన్న పువ్వు తెంపకు బిడ్డా, కాడ పువ్వు తెంపు. అన్ని తెంపకు, కొన్ని తీగకే ఉండనియ్యి" అనేది. పొడుగు కాడ మీద ఒంటరిగా నిలిచేది మగపువ్వు. కింద చిన్న కాయలాగా ఉబ్బు ఉండేది ఆడపువ్వు. కొన్ని మగపూలు తీగ మీద మిగలకపోతే ఆ పిందె నిలవదని ఆమెకు తెలుసు. పుప్పొడి అన్న మాట మాత్రం ఆమె నోట నేనెన్నడూ వినలేదు.

పుచ్చ తీగదీ అదే పద్ధతి. మా దిక్కు తర్బూజ అంటాం. ఒకే తీగ మీద రెండు రకాల పూలూ పూస్తాయి. ముందు కొన్నాళ్లు మగపూలే వస్తాయి. కొత్తగా తోట పెట్టినవాళ్లు ఆ రోజుల్లోనే భయపడి "అన్నీ ఒట్టి పూలే" అని మందుల దుకాణానికి పరుగెత్తుతారు. నాలుగు రోజులు ఓపిక పడితే ఆడపూలు వస్తాయి, అప్పుడైనా మగపూల లెక్కలో చిన్న వంతే. సూర్యుడు పొడిచాక విచ్చుకున్న పువ్వు మధ్యాహ్నం దాటేసరికి ముడుచుకుంటుంది. మర్నాడు మళ్లీ విప్పారదు. ఆ ఒక్క పూటలో జరగాల్సింది జరిగితే కాయ, లేదంటే రెండు మూడు రోజుల్లో పిందె పసుపెక్కి రాలుతుంది.

జరగాల్సింది చిన్నదేమీ కాదు. ఆడపువ్వు నడుమ మూడు పాయల బుడిపె ఉంటుంది. ఆ మూడింటి మీదా సమంగా ఐదు వందల నుంచి వెయ్యి దాకా పుప్పొడి రేణువులు పడితేనే కాయ గుండ్రంగా నిండుతుంది. ఒక తేనెటీగ ఒక్కసారి వాలితే అన్ని అంటవు. కనీసం ఎనిమిది సార్లయినా వాలాలని ఈ పూల దగ్గర కూర్చుని లెక్కపెట్టిన పరిశోధకులు తేల్చారు. ఒక పాయకే పుప్పొడి అంది, మిగతా రెండూ ఎండిపోతే నేను అంగడిలో వెతికే వంకర కాయ తయారవుతుంది. కాయను పెంచే హార్మోన్లు పుట్టేది ఎదిగే గింజల్లోంచే. గింజ లేని పక్క కండకు పెరగమని చెప్పేవాళ్లుండరు.

పూలు కలపడం మా ప్రాంత రైతులకు కొత్త ముచ్చట కాదు. హుజూరాబాద్, జమ్మికుంట దిక్కు ఆడమగ వరి పెట్టని ఊరు తక్కువ. హైబ్రిడ్ వడ్ల విత్తనం కోసం ఆడ వరుసలు, మగ వరుసలు పక్కపక్కన నాటుతారు. పూత మీదికి రాగానే పొద్దెక్కినాక ఇద్దరు మనుషులు మడికి చెరో పక్క నిలబడి తాడు లాగుకుంటూ పోతారు. మగ కంకులు ఊగి పొగలాగా పుప్పొడి లేచి ఆడ కంకుల మీద పడుతుంది. ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నేను ఆగి చూస్తాను. వరి పుప్పొడి తేలిక కాబట్టి గాలికి లేస్తుంది. పుచ్చ పుప్పొడి బరువు, పైగా జిగట. తాడుకు లేవదు, గాలికి కదలదు. దానికి రోమాలున్న ఒళ్లు కావాలి, ఆరు కాళ్లు కావాలి.

ఈ సంగతి తెలిసీ తప్పు చేశాం. కోహెడ తొవ్వలో మాకున్న ఎకరంన్నర చెల్కలో అన్న, నేను డ్రిప్పు వేసి, మల్చింగ్ కాగితం పరిచి జనవరిలో తర్బూజ పెట్టాం. పూతకొచ్చే ముందర ఆకుల కొసలు ముడుచుకోవడం మొదలైంది. తామర పురుగు. దుకాణపాయన మందు ఇచ్చి "పొద్దుగాలే కొట్టుండ్రి, ఎండ లేనప్పుడైతే ఆకు మంచిగ పడ్తది" అన్నాడు. మేమూ అడ్డు మాట అడగలేదు. వారానికి రెండుసార్లు తైవాన్ పంపుతో ఏడు గంటలకల్లా కొట్టేశాం. ఆకు బాగుపడింది, తీగ పాకింది, పూలు విరగబూశాయి. పిందె మాత్రం నిలవలేదు. నీళ్లు తగ్గించాం, పెంచాం, బోరాన్ వేశాం. ఒక పొద్దు మా వదిన సాలు మధ్యలో నిలబడి ఒక్క మాట అంది: "ఈగల్లేవు గదా, సప్పుడే లేదు."

చెవి పెట్టి విన్నాను. నిజమే. పూసిన తోట అంత నిశ్శబ్దంగా ఉండడం నేను అంతకు ముందు వినలేదు. పువ్వు లోపల చీమలు తిరుగుతున్నాయి, అంతే. పువ్వు తెరిచి ఉన్న ఆ నాలుగైదు గంటలే తేనెటీగకు పని వేళ. సరిగ్గా ఆ వేళలో, తెరుచుకున్న పువ్వు నోట్లోకి మేమే విషం పోశాం. ఆ తప్పు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇక మిగిలింది చేతి పని. వదినే ముందు పట్టుకుంది. మాపటేళ తోటంతా తిరిగి మర్నాడు విచ్చుకోబోయే ఆడ మొగ్గల్ని గుర్తుపట్టాలి. కొస పసుపు తేలి, కాస్త ఉబ్బి ఉంటాయి. పక్కన చిన్న పుల్ల గుచ్చాలి. తెల్లవారి అప్పుడే విప్పారిన మగపువ్వును తెంపి వేలి కొసతో తాకి చూడాలి. వేలికి పసుపు అంటితే పుప్పొడి సిద్ధమైనట్టు. రేకలు వెనక్కి ఒలిచేసి, ఆ పుప్పొడి ముద్దను ఆడపువ్వు మూడు పాయలకూ తడిమినట్టు, నొక్కకుండా అద్దాలి. మొదటి రోజు నేను తొందరలో ఒక పక్కే రుద్దుకుంటూ పోయాను. ఆ సాళ్లలో కాసినవి సగం వంకర కాయలే. వదిన చేసిన సాళ్లలో కాయలు గుండ్రంగా వచ్చాయి. ఆమె ఒక్కో రోజు కలిపిన పూలకు ఒక్కో రంగు దారం కట్టింది. పువ్వు కలిసిన నాటి నుంచి ముప్పై, నలభై రోజుల్లో కాయ పండుతుంది కాబట్టి ఏది ఎప్పుడు కోయాలో దారాన్ని చూసి చెప్పేది. కాయ మీద కొట్టి వినే పని లేదు. అయితే ఇద్దరం నడుము వంచి చేసినా ఎండ ముదిరే లోపు నాలుగు సాళ్లు దాటలేదు. మిగతా తోట మాకు అందలేదు.

చైనాలో సిచువాన్ రాష్ట్రంలోని హాన్‌యువాన్‌లో బేరి తోటల రైతులు కోడి ఈకలు కట్టిన కర్రలతో చెట్లెక్కి పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దుతారు. అక్కడ మందుల పిచికారీ ఎంత పెరిగిందంటే తేనెటీగలు పెంచేవాళ్లు ఆ తోటలకు పెట్టెలు తేవడానికే ఒప్పుకోలేదు. ఆ ఫొటోలు చూసి అబ్బురపడేవాళ్లున్నారు. నాలుగు సాళ్లు చేసి నడుము పట్టేసిన నాకు ఆ కూలీల మెడలు, భుజాలే కనిపించాయి.

గింజలేని పుచ్చకాయకు ఈ తిప్పలు ఉండవనుకునేవాళ్లు చాలామంది. నిజానికి దానికే ఎక్కువ. జపాన్ శాస్త్రవేత్త హితోషి కిహారా తయారుచేసిన పద్ధతిలో ఆ మొక్కకు క్రోమోజోముల సెట్లు రెండుకు బదులు మూడు ఉంటాయి, దాని పుప్పొడి చెల్లదు. కాబట్టి తోటలో గింజలుండే మామూలు రకాన్ని కూడా కలిపి నాటాలి. ఆడమగ వరి లాగే అనుకోండి, తాడుకు బదులు తేనెటీగ. కర్బూజలో చాలా రకాలకు ఒకే పువ్వులో ఆడ భాగాలూ మగ భాగాలూ ఉంటాయి. అయినా ఆ జిగట పుప్పొడి ఉన్న చోటి నుంచి తనంతట తాను కదలదు. అక్కడా ఈగ రావాల్సిందే.

కాకర పక్కన పెడితే పుచ్చకాయ చేదెక్కుతుందా అని చాలామంది అడుగుతుంటారు. ఎక్కదు. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. కలిసే జాతులైనా ఈ ఏటి కాయ రుచి మారదు, మారేది లోపలి గింజ. అసలు జాగ్రత్త పడాల్సింది కర్బూజ గింజలు దాచుకునేవాళ్లు. మనం పప్పులో వేసే పసుపు దోసకాయ, చేలల్లో తనంత తాను మొలిచే బుడమకాయ, కర్బూజ - మూడూ శాస్త్రం లెక్కలో ఒకే జాతి. తేనెటీగ వాటి మధ్య తేడా చూడదు. గట్టు మీది బుడమ పువ్వు మీద వాలి వచ్చి కర్బూజ మీద వాలుతుంది. ఆ గింజ మరుసటేడు విత్తితే వచ్చే కాయ ఏ రుచిలో ఉంటుందో ముందే చెప్పలేం.

మర్రి కొమ్మలకు, గుట్టల బండలకు పట్టే పెర తేనెటీగలు, చెట్టు తొర్రల్లో ఉండి పెట్టెల్లోనూ ఒదిగే తొర్ర తేనెటీగలు, కంపల్లో అరచేయంత పట్టు పెట్టే చిన్న జుంటీగలు, గట్టు మట్టిలో బొరియ చేసుకునే ఒంటరి ఈగలు. ఇవన్నీ మన తోటలకు వచ్చే కూలీలే. పేరులోనే తుమ్మెదను మోసే మోయతుమ్మెద వాగు మా కోహెడ మీదుగానే పారి మానేరులో కలుస్తుంది. వాగు ఒడ్డున, గట్ల మీద తంగేడు, కానుగ, తుమ్మ ఉన్నంత కాలం వీటికి తిండి ఉంటుంది. గట్లకు గడ్డిమందు కొట్టి నున్నగా చేయడం శుభ్రమని అనుకుంటున్నాం. పెర పట్టుకు మంట పెట్టి ఈగలతో సహా మాడ్చి తేనె పిండుకోవడం చూస్తూ ఊరుకుంటున్నాం. ఈ రెండూ నాకు కోపం తెప్పించే పనులు.

పెట్టెలు అద్దెకు తెచ్చుకునేవాళ్లు ఎకరానికి ఒకటో రెండో పెడతారు. అయితే ఆడపూలు కనబడటం మొదలయ్యాకే తేవాలి. ముందే తెస్తే తేనె తక్కువుండే పుచ్చ పూలను విడిచి పక్క తోట మామిడి పూతకు అలవాటు పడతాయి. మందు తప్పనిసరైతే పువ్వు ముడుచుకున్నాక, పొద్దు వాలాక కొట్టాలి. మర్నాడు విచ్చుకునేది వేరే పువ్వు. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మొక్క రసంలో చేరి పుప్పొడిలోకీ తేనెలోకీ వస్తాయి కాబట్టి, పూత సమయంలో వాటికి సాయంత్రం నియమం కూడా చాలదు. ఐరోపా సమాఖ్య 2018లో దాన్నీ, అదే కోవకు చెందిన మరో రెండు మందులనూ ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించింది. మా చెల్కలో పూత మొదలైతే ఆ డబ్బా కొట్టం దాటి బయటికి రాదు.

ఈ జనవరిలో మళ్లీ విత్తనం పెట్టాం. గట్టు వెంబడి ధనియాలు, ఆవాలు చల్లాం. వదిన మళ్లీ దారం ఉండలు తీసింది. అయితే ఈసారి దారం కట్టేది తాను చేత్తో కలిపిన పూలకు కాదు, తేనెటీగ వాలుతుంటే తాను కూర్చుని చూసిన పూలకు. మొన్న పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేసింది.

"ఒక్క పువ్వు మీదనే తొమ్మిది సార్లు వాలింది, చూస్తనే ఉన్న" అంది. వెనక నుంచి ఎవరో, పంపు ఎప్పుడు తేవాలని అడిగారు.

"మాపటికి తే" అని చెప్పి మళ్లీ లెక్కలో పడింది.