గోల్డెన్ గేట్ క్వార్టెట్: పాటలో ప్రసంగము

గోల్డెన్ గేట్ క్వార్టెట్‌ను గూర్చి వ్రాసేవారు సాధారణముగా రెండు మాటలు చెబుతారు. వారి స్వరమేళనము అపురూపమైనదన్నది ఒకటి. సంఘమును విడిచి క్లబ్బులకు వెళ్లి సువార్త గానమును వినోదముగా మార్చారన్నది రెండవది. ఈ రెండూ అసలు విషయమును దాటిపోతున్నవని మా అభిప్రాయము.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రములో, నార్ఫోక్ పట్టణములో 1934లో ఈ నల్లజాతి గాయకుల బృందము ఆరంభమైంది. 1937 ఆగస్టులో షార్లెట్ నగరములో బ్లూబర్డ్ కంపెనీవారు వీరి తొలి రికార్డులు చేశారు. యోనాను గూర్చిన పాట వాటిలోనిదే. వాద్యములు లేవు. ముగ్గురు నోటితోనే శ్రుతిని, తాళమును నడుపుతుండగా విల్లీ జాన్సన్ సగము మాటగా, సగము పాటగా కథ చెబుతారు. మనకు బుర్రకథలోని కథకుడు, వంతలు గుర్తుకు రావచ్చు. అయితే దీనికి మూలము నల్లజాతి సంఘముల ప్రసంగపీఠము. అక్కడ బోధకుడు వాక్యము చెబుతూ చెబుతూ రాగములోనికి వెళ్తాడు. సంఘము మధ్యమధ్య బదులు పలుకుతుంది. ఆ సంఘపు బదులును ఇక్కడ ముగ్గురు గాయకులే పలికారు. నోవహు, యోబు, సమ్సోను కథలను కూడ వీరు ఇట్లే పాడారు. బానిసత్వమునుండి వచ్చిన జనమునకు ఆ కథలు పరాయి కథలు కావు. స్వరములను మాత్రమే మెచ్చుకొనేవారు ప్రసంగమును వినకుండనే లేచి వెళ్లినట్లే.

ఇక క్లబ్బు సంగతి. 1940 ప్రాంతములో వీరు పాడిన న్యూయార్క్‌లోని కెఫే సొసైటీ, నల్లవారు తెల్లవారు కలిసి కూర్చొనగలిగిన చోటు. దక్షిణ రాష్ట్రములలో ఆనాడు ప్రభువు బల్లయొద్ద కూడ ఆ రెండు జాతులు సాధారణముగా కలిసేవి కావు. క్లబ్బును నిందించేవారు దీనిని కూడ వ్రాయవలసియున్నది. నష్టము జరుగలేదని మేము అనము. చప్పట్లు కొట్టే శ్రోత "ఆమేన్" అనే సంఘమునకు బదులు కాడు.

కాని అంతకంటె పెద్ద నష్టము 1948లో జాన్సన్ బృందమును విడిచి వెళ్లుట. స్వరములు నిలిచాయి, బోధకుడు వెళ్లిపోయాడు. 1959లో బృందము పారిస్‌లో స్థిరపడింది. ఇంగ్లీషు రాని శ్రోతలకు కథకంటె కంఠమే ఎక్కువగా అందుతుంది గదా! మంద్రస్థాయి గాయకుడు ఆర్లాండస్ విల్సన్ దశాబ్దములపాటు బృందమును కాపాడుకుంటూ వచ్చారు. ఆయన ఓర్పును మేము తక్కువ చేయుట లేదు. ఆయన 1998లో మరణించిన తరువాత కూడ బృందము సాగింది.

విద్యార్థులు ముందుగా పారిస్ కాలపు రికార్డు ఒకటి, తరువాత 1937 నాటి యోనా పాట వినవలెను. రెండవది మూడు నిమిషములే.